నడుము బలం మొన్న 180, ఇవాళ 205... ఏది నమ్మాలి?

పోయిన సంచికలో నడుము కండరాల గురించి రెండు ముక్కలు రాశాను, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటిలోనూ తిప్పి తిప్పి ఒకటే గొడవ: కొలిపించుకున్నాం, ఒక అంకె వచ్చింది, మళ్ళీ కొలిపించుకుంటే ఇంకో అంకె వచ్చింది, ఇప్పుడేం చేయాలి? అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ కొలత మీదే. మొదటి జవాబు పొడుగు. కాస్త ఓపిక పట్టి చదివితే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

ప్రశ్న: నా వయసు 29. నడుము నొప్పి లాంటివేమీ లేవు. ఒక ఫిట్‌నెస్ సెంటర్‌లో కుర్చీలాంటి మెషిన్‌లో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, వీపుతో వెనక్కి నెట్టమన్నారు. 180 న్యూటన్-మీటర్లు (తిప్పే బలానికి కొలమానం) వచ్చింది. రెండు వారాల తర్వాత అదే మెషిన్ మీద 205. మధ్యలో నేను చేసిన కసరత్తు సున్నా. మెషిన్ చెడిపోయిందా, నాకు తెలియకుండానే బలం పెరిగిందా?

జవాబు: రెండూ కాకపోవచ్చండీ. అంకె మారగానే అందరూ ముందు మెషిన్‌నే అనుమానిస్తారు, నిజానికి ఈ వ్యవహారంలో తేలిగ్గా తేలిపోయేది అదొక్కటే. బరువెంతో ముందే తెలిసిన దిమ్మెను దాని చేతికి తగిలించి చూస్తే లెక్క సరిగ్గా చూపిస్తోందో లేదో కాసేపట్లో తెలిసిపోతుంది. తేలనిదల్లా అందులో కూర్చున్న మనిషి, కూర్చోబెట్టిన మనిషి.

మోకాలి బలం కొలవడం సులువు. మోకాలు ఇంచుమించు తలుపు బందులాగా ఒకచోట మడుస్తుంది, మెషిన్ ఇరుసును సరిగ్గా అక్కడికి తెచ్చి పెడితే సరి. నడుముకి అలాంటి ఒక్క చోటు లేదు. కింది వీపులో ఐదు పూసలు, వాటి కింద త్రికం (వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక), ఆ కింద తుంటి కీళ్ళు, మీరు వెనక్కి నెట్టినప్పుడు ఇవన్నీ తలా కాస్త కదులుతాయి. మరి ఇరుసు ఎక్కడ పెట్టాలి? ఐదో నడుం పూసకీ త్రికానికీ మధ్య కీలు దగ్గర పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. కానీ ఆ కీలు కంటికి కనపడదు, చేత్తో తడిమి అంచనా వేయడమే. ఇవాళ కొలిచినామె వేలు ఒకచోట ఆగుతుంది, రెండు వారాల తర్వాత కొలిచినాయన వేలు రెండు సెంటీమీటర్లు పైన ఆగుతుంది. అంకె మారడానికి అది చాలు.

దీనికి తోడు తుంటి. వెనక్కి నెట్టమంటే వీపు కండరాలు ఒక్కటే నెట్టవు, పిరుదుల కండరాలు, తొడ వెనక కండరాలు కూడా వచ్చి చెయ్యేస్తాయి. ముందుకు వంగమంటే పొట్ట కండరాలకు తోడు తుంటి ముందు కండరాలు. కటి కదలకుండా బెల్టులు గట్టిగా పట్టి ఉంచితే ఈ తోడుపెళ్ళికొడుకుల వాటా తగ్గుతుంది, వదులుగా ఉంటే పెరుగుతుంది. ఇది నేను తిట్లు తిని నేర్చుకున్న విషయం. ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు ఒకాయనకి తొడల మీది బెల్టు వదులుగానే కట్టి కొలిచాను, నంబరు దివ్యంగా వచ్చింది. నెలన్నర తర్వాత ఆయన మళ్ళీ వచ్చేసరికి మా సీనియర్ ఆ బెల్టును మోకాలు ఆనించి మరీ లాగి బిగించారు, నంబరు కిందికి పడింది. నెలన్నర పాటు ఒళ్ళు వంచి కసరత్తు చేసొచ్చిన మనిషికి నీ బలం తగ్గింది అని చెబితే ఎలా ఉంటుంది? తగ్గింది బలం కాదు, నా బెల్టు వదులు. అప్పట్నుంచి బెల్టు ఎక్కడిదాకా లాగానో దాని మీదే స్కెచ్ పెన్నుతో గీత గీసి, సీటు ఎత్తు, పాదాల పలక దూరం, వీపు ప్యాడ్ ఏ నంబరు మీద ఉంది, అన్నీ కేస్ షీట్‌లో రాస్తాను.

ఇక మీ వైపు నుంచి వచ్చేవి. మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఎవరూ పూర్తి బలం పెట్టరు. పెట్టామనే అనుకుంటారు. నడుము కదా, ఏమవుతుందో అని లోపల ఒక భయం, పైగా ఊపిరి ఎప్పుడు వదలాలో, కాళ్ళు ఎక్కడ తన్నిపెట్టాలో తెలియని తికమక. రెండోసారికి ఒంటికి ఆ పని తెలిసిపోతుంది, కండరం లావెక్కకుండానే అంకె పెరుగుతుంది. మూడోసారికి ఆ పెరుగుదల చాలావరకు సద్దుమణుగుతుంది. అందుకే ఈ పని పద్ధతిగా చేసేవాళ్ళు మొదటి రోజును ప్రాక్టీసు కింద రాసి ఆ అంకెను పక్కన పడేస్తారు. మీ 25 పెరగడంలో దీని వాటానే ఎక్కువని నా అనుమానం.

పక్కన నిలబడ్డవాళ్ళ గొంతు కూడా కొలతలో భాగమే అంటే నవ్వుతారు గానీ నిజం. "నెట్టండి, ఇంకా, ఇంకా, వదలొద్దు" అని అరిస్తే వచ్చే అంకె, ఫోను చూసుకుంటూ "ఊఁ, నెట్టండి" అంటే వచ్చే అంకె ఒకటి కావు. అరిచినా పర్వాలేదు, ఊరుకున్నా పర్వాలేదు, రెండుసార్లూ ఒకేలా ఉండాలి. అలాగే టైము. రాత్రంతా పడుకుని లేచేసరికి వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, పొద్దున మనం సాయంత్రంకన్నా ఒక సెంటీమీటరో ఇంకాస్తో పొడుగుంటాం, నడుము ముందుకు వంగడానికి మొరాయిస్తుంది. కండరాల బలం కూడా మామూలుగా సాయంత్రం వేళ కాస్త మెరుగ్గా ఉంటుంది. మొదటిసారి పొద్దున ఏడింటికి, రెండోసారి సాయంత్రం ఆరింటికి వెళ్ళి ఉంటే కొంత తేడా అక్కడే పుట్టింది.

చాలామంది మర్చిపోయేది మన బరువు. తల, చేతులు, మొండెం కలిపితే శరీర బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. 70 కిలోల మనిషిలో ఇంచుమించు 47 కిలోలు తుంటి పైనే ఉంటాయి. ముందుకు వంగినప్పుడు ఆ బరువు పొట్ట కండరాలకు సాయం చేస్తుంది, వెనక్కి లేచేటప్పుడు వీపు కండరాలకు అడ్డుపడుతుంది. దీన్ని లెక్కలోంచి తీసేయడానికి మెషిన్‌లో గ్రావిటీ కరెక్షన్ అని ఉంటుంది. ఒకసారి అది వేసి, ఇంకోసారి వేయకుండా కొలిచారంటే ఇక ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టడమే దండగ.

ఇంతా చెప్పి అసలు ప్రశ్న వదిలేస్తే బాగోదు. 25 తేడాని నమ్మాలా వద్దా? దీనికి ఒక లెక్క ఉంది, ఒక ఉదాహరణ పెట్టుకుని చేద్దాం. ఆరోగ్యంగా ఉన్న కొంతమందిని వారం తేడాతో రెండుసార్లు కొలిచారనుకోండి. మనిషికీ మనిషికీ మధ్య తేడాని చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ 40 న్యూటన్-మీటర్లు. రెండు కొలతలూ ఎంత బాగా కలిశాయో చెప్పే అంకె ఒకటుంటుంది, దాన్ని ఐసీసీ అంటారు, సున్నా నుంచి ఒకటి వరకు. అది 0.90 వచ్చింది, అంటే మంచి మార్కులే. ఇప్పుడు ఒకట్లోంచి 0.90 తీసేస్తే 0.10, దాని వర్గమూలం 0.316, దాన్ని 40తో హెచ్చిస్తే 12.6. ఇది కొలతలో సహజంగా ఉండే ఊగిసలాట. రెండు వేర్వేరు రోజుల ఊగిసలాట కలుస్తుంది కాబట్టి, 95 శాతం నమ్మకం కావాలి కాబట్టి దాన్ని 2.77తో హెచ్చించాలి. 35 వస్తుంది. అర్థమేంటంటే, 0.90 లాంటి గొప్ప మార్కులున్న మెషిన్ మీద కూడా ఒక మనిషి అంకె 35కి మించి మారితేనే అది నిజమైన మార్పు అని గట్టిగా చెప్పగలం. మీది 25. కాబట్టి మీకు బలం పెరిగిందని నేను చెప్పను, పెరగలేదనీ చెప్పను, ఈ రెండు అంకెల మధ్య తేడా కనిపెట్టే చూపు ఆ కొలతకి లేదని చెబుతాను.

మీరు వెళ్ళిన చోట వాళ్ళ మెషిన్‌కి ఈ 35 లాంటి అంకె ఎంతో అడగండి. "మా మెషిన్ చాలా యాక్యురేట్ అండీ" అన్నారంటే వాళ్ళకి ప్రశ్న అర్థం కాలేదన్నమాట.

ప్రశ్న: కదలకుండా నెట్టే ఐసోమెట్రిక్ పరీక్ష, కదులుతూ నెట్టే ఐసోకైనటిక్ పరీక్ష, ఈ రెండింట్లో దేన్ని ఎక్కువ నమ్మొచ్చు? ఖరీదైనదే మంచిదనుకోవచ్చా?

జవాబు: ఖరీదు వేరు, నమ్మకం వేరు. ఐసోకైనటిక్ అంటే మీరెంత బలంగా నెట్టినా మెషిన్ చేయి ఒకే వేగంతో కదులుతుంది, సెకనుకి 60 డిగ్రీలు అని పెడితే 60 డిగ్రీలే, మీ బలం వేగం కింద కాకుండా టార్క్ (తిప్పే బలం) కింద నమోదవుతుంది. హెలెన్ హిస్లాప్, జేమ్స్ పెర్రీన్ 1967లో ఈ ఆలోచనను వ్యాసంగా రాశారు, ఆ తర్వాత సైబెక్స్, బయోడెక్స్ లాంటి మెషిన్లు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. కదలికలో ప్రతి కోణం దగ్గరా బలం ఎంతుందో గ్రాఫ్ కనపడటం దాని గొప్పతనం. కాకపోతే వేగం పెంచేకొద్దీ వచ్చే టార్క్ తగ్గుతుంది, అంకెల నిలకడా సన్నగిల్లుతుంది. నడుము విషయంలో నేనైతే నెమ్మది వేగాల్లో వచ్చిన అంకెనే పట్టించుకుంటాను, సెకనుకి 120, 150 డిగ్రీల దగ్గర వచ్చినవి చూసి ఊరుకుంటాను.

ఐసోమెట్రిక్ సాదాసీదా పరీక్ష. కదలదు కాబట్టి తప్పు జరిగే చోట్లు తక్కువ, మామూలు మనుషులు తొందరగా నేర్చుకుంటారు, సరిగ్గా చేస్తే అంకె నిలకడగానే వస్తుంది. మూడు నుంచి ఐదు సెకన్లు నెట్టడం, మధ్యలో ఒకట్రెండు నిమిషాలు విశ్రాంతి, ఇలా మూడుసార్లు. అన్నిట్లో పెద్దది తీసుకుంటారో సగటు తీసుకుంటారో ముందే అనుకోవాలి, అంకెలు చూశాక కాదు. ఒక్క కోణంలో వచ్చిన బలం ఇంకో కోణానికి వర్తించదు, ముందుకు కాస్త వంగి ఉన్నప్పుడు వీపు కండరాలు నిటారుగా ఉన్నప్పటికన్నా ఎక్కువ బలం చూపిస్తాయి, కాబట్టి ఏ కోణంలో కొలిచారో రాయని రిపోర్టు నా దగ్గరికి తెస్తే నేను చదవను. కూర్చుని కొలిచినదాన్ని నిలబడి కొలిచినదాంతోనూ, ఒక కంపెనీ మెషిన్ అంకెని ఇంకో కంపెనీ మెషిన్ అంకెతోనూ పోల్చకండి.

ఇంకో మాట. ఈ రిపోర్టుల్లో వీపు బలాన్ని పొట్ట బలంతో భాగించి ఒక నిష్పత్తి వేసి, దాని పక్కన ఎర్ర రంగో పచ్చ రంగో పూస్తారు. ఆరోగ్యవంతుల్లో వీపు పొట్టకన్నా బలంగా ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ నిష్పత్తిలో రెండు కొలతల తప్పులూ కలుస్తాయి. వీపు 200, పొట్ట 150 అయితే నిష్పత్తి 1.33. వీపు పది శాతం ఎక్కువగా, పొట్ట పది శాతం తక్కువగా పడితే 220కి 135, అంటే 1.63. అదే తారుమారైతే 180కి 165, అంటే 1.09. మనిషి అదే మనిషి, రంగు మాత్రం ఎరుపు నుంచి పచ్చకి మారిపోతుంది. ఆ రంగు చూసి నిద్ర పాడు చేసుకోకండి.

ప్రశ్న: నేను ఫిజియోథెరపీ పీజీ చదువుతున్నాను. థీసిస్ కోసం మా క్లాసు అమ్మాయిలు 20 మందిని, అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే, వారం తేడాతో రెండుసార్లు మెషిన్ మీద కొలిచాను. స్టాండర్డ్ డీవియేషన్ 15 న్యూటన్-మీటర్లు, ఐసీసీ 0.64. పద్ధతి పనికిరాదని రాయాలా అని టెన్షన్‌గా ఉంది. ఐసీసీ బదులు మామూలు కోరిలేషన్ పెట్టెయ్, ఎవరూ అడగరు అంటోంది ఫ్రెండ్.

జవాబు: ముందు ఫ్రెండ్ సలహా సంగతి. అయిదుగురికి మొదటి రోజు 100, 120, 140, 160, 180 వచ్చాయనుకో. రెండో రోజు ఒక్కొక్కరికీ సరిగ్గా 15 పెరిగింది: 115, 135, 155, 175, 195. కోరిలేషన్, అంటే రెండు వరసలూ ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె, వేస్తే 1.00, నూటికి నూరు. అందరి అంకే మారిపోయింది, నీ కోరిలేషన్‌కి చీమ కుట్టినట్టు కూడా లేదు. వరస మారలేదు కాబట్టి దానికి అంతా బాగానే ఉంది. అదే అంకెల మీద, పరిపూర్ణంగా ఏకీభవించాలి అని అడిగే రకం ఐసీసీ వేస్తే సుమారు 0.90 వస్తుంది, నిలకడ మాత్రమే అడిగే రకం వేస్తే మళ్ళీ 1.00. ష్రౌట్, ఫ్లైస్ అనే పరిశోధకులు 1979లోనే ఐసీసీలో ఆరు రకాలు చెప్పారు, నువ్వు వేసింది ఏదో పేరు పెట్టి రాయి. "ఐసీసీ వేశాం" అని ఊరుకుంటే ఏం వేశావో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నీ 0.64. కూ, లీ అనే పరిశోధకులు 2016లో ఇచ్చిన కొలబద్ద ప్రకారం 0.5 లోపు నాసి, 0.5 నుంచి 0.75 మధ్యస్థం, 0.75 నుంచి 0.9 మంచిది, 0.9 దాటితే అద్భుతం. ఆ లెక్కన నీది మధ్యస్థం. కానీ ఒక్క నిమిషం ఆగి నువ్వే లెక్క చూసుకో. ఒకట్లోంచి 0.64 తీస్తే 0.36, వర్గమూలం 0.6, దాన్ని నీ 15తో హెచ్చిస్తే 9. నీ కొలతలో ఊగిసలాట 9 న్యూటన్-మీటర్లే. పై జవాబులో 0.90 వచ్చిన ఉదాహరణలో అది 12.6. తక్కువ మార్కులు వచ్చిన నీ కొలతే ఎక్కువ నికరంగా ఉంది!

ఎందుకిలా? నీ 20 మందీ ఒకే వయసు, ఇంచుమించు ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే రకం జీవితం. వాళ్ళ మధ్య అసలు తేడాయే లేనప్పుడు ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో విడదీయడం ఏ మెషిన్‌కైనా కష్టమే, ఐసీసీ అడిగేది అదే ప్రశ్న. ఇదే 9 ఊగిసలాటతో, కుస్తీ పట్టేవాళ్ళు, కుర్చీలోంచి లేవనివాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఇరవై ఏళ్ళవాళ్ళు, అరవై ఏళ్ళవాళ్ళు కలిసి ఉన్న గుంపును కొలిచి, స్టాండర్డ్ డీవియేషన్ 40 వచ్చి ఉంటే నీ ఐసీసీ 0.95 అయ్యేది. మెషిన్ అదే, నువ్వు అదే, బెల్టు అదే. మారింది ఎదురుగా కూర్చున్న జనం. ఆరోగ్యవంతుల మీద చేసే ఇలాంటి అధ్యయనాలన్నిటికీ ఈ చిక్కుంది, అందుకే ఒక ఐసీసీని ఒంటరిగా చూసి పద్ధతిని మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే.

కాబట్టి పనికిరాదని రాయకు. ఐసీసీ రాయి, దాని రకం రాయి, దాని 95 శాతం పరిధి (అసలు ఐసీసీ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పేది) తప్పకుండా రాయి, 20 మందే కాబట్టి ఆ పరిధి వెడల్పుగా ఉంటుంది, ఉండనీ, దాచకు. కనీసం 30 మంది, అదీ రకరకాల మనుషులు ఉంటే మేలని కూ, లీ అంటారు. పక్కనే 9 అనే ఊగిసలాట, దాన్ని 2.77తో హెచ్చిస్తే వచ్చే 25 కూడా రాయి. ఈ మెషిన్ మీద బలం కొలిచేవాళ్ళకి రేపు పనికొచ్చేది ఆ 25. చివరగా బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1986లో చెప్పిన గ్రాఫ్ గీయి: ఒక్కొక్కరి రెండు కొలతల సగటు అడ్డంగా, వాటి తేడా నిలువుగా. చుక్కలన్నీ సున్నా గీతకి పైనే గుమిగూడితే రెండో రోజు అందరూ నేర్చుకుని పెంచారని తెలుస్తుంది. బలమైనవాళ్ళ దగ్గర చుక్కలు గరాటులాగా విచ్చుకుంటే తప్పు అందరికీ సమానంగా లేదని తెలుస్తుంది, అలాంటప్పుడు శాతాల్లో చెప్పడం నయం.

ఇంకొక్కటి అడుగుతాను, మనసులోనే జవాబు చెప్పుకో. రెండో రోజు కొలిచేటప్పుడు మొదటి రోజు అంకెలు నీ చేతిలోనే ఉన్నాయా? ఉంటే నీకు తెలియకుండానే "పోయినసారి ఎక్కువ వచ్చిందే, ఇంకోసారి నెట్టు" అని కొందరితోనే అని ఉంటావు. మేమందరం చేసినవాళ్ళమే. అలా చేసి ఉంటే అది కూడా థీసిస్‌లో రాయాలి.

ప్రశ్న: మాకు దగ్గర్లో ఇలాంటి మెషిన్లేవీ లేవు. ఇంట్లోనే నడుము బలం నమ్మకంగా కొలుచుకునే దారి ఉందా? చేతిలో పట్టుకుని నొక్కే చిన్న పరికరం ఒకటి చూశాను, అది కొనుక్కోవచ్చా?

జవాబు: బలం అంటే కష్టం, ఓర్పు అయితే సులువు. రెండూ ఒకటి కాదు, ఒకసారి ఎంత గట్టిగా నెట్టగలరన్నది బలం, ఎంతసేపు నిలపగలరన్నది ఓర్పు. బలవంతులందరికీ ఓర్పు ఉండాలని లేదు. అయితే రోజంతా మన వీపు చేసే పని ఎక్కువగా రెండో రకమే కాబట్టి దాన్ని కొలవడం తక్కువ పనేం కాదు.

అందరికీ తెలిసిన పరీక్ష సోరెన్‌సెన్ పరీక్ష. డెన్మార్క్ పరిశోధకుడు బీరింగ్-సోరెన్‌సెన్ 1984లో వేసిన అధ్యయనంతో దానికి ఆ పేరొచ్చింది. గట్టి బల్ల మీద బోర్లా పడుకుని, తుంటి ఎముకల పై అంచు బల్ల చివరికి వచ్చేలా జరిగి, కాళ్ళనీ కటినీ బెల్టులతో కట్టించుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, నడుము పైభాగాన్ని గాల్లో నేలకి సమాంతరంగా నిలపాలి. ఎంతసేపు నిలిస్తే అన్ని సెకన్లు. 240 సెకన్లు దాటితే ఆపేస్తారు. ఆ అధ్యయనంలో ఎక్కువసేపు నిలపగలిగిన మగవాళ్ళకి తర్వాతి ఏడాదిలో మొదటిసారి నడుము నొప్పి రావడం తక్కువగా కనిపించింది, ఈ పరీక్షకి ఇంత పేరు రావడానికి అదే కారణం. సాధారణంగా ఇందులో ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా ఎక్కువసేపు నిలుస్తారు, కాబట్టి దంపతులు పందెం కాసుకునేముందు ఆలోచించుకోండి.

దీని నమ్మకం మొత్తం ఆపే నియమం మీద ఉంది. ఎప్పుడు ఆపాలి? కాస్త వంగగానేనా, ఒకసారి సరిచేసుకోనివ్వాలా, "ఇక నావల్ల కాదు" అన్నాకనా? ఒక ఉపాయం చెబుతాను, సరిగ్గా ఉన్నప్పుడు భుజాల మధ్య వీపుకి తగిలీ తగలకుండా ఒక దారం కట్టండి, లేదా పక్కన గోడ మీద టేపు అంటించండి. వీపు దారాన్ని వదిలితే ఒకసారి హెచ్చరిక, రెండోసారి వదిలితే గడియారం ఆగిపోవాలి. ఈ నియమం కాగితం మీద రాసుకుని ఎప్పుడు కొలిచినా అదే పాటించండి. పక్కన ఒక మనిషి లేకుండా చేయకండి, కింద దిండో కుర్చీయో పెట్టుకోండి. బీపీ ఉన్నవాళ్ళు ఇలాంటి ఊపిరి బిగబట్టే పనులకి ముందు డాక్టర్‌ని అడగాలి, ఊపిరి బిగబట్టి బలం పెడితే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది.

చేతి పరికరం, అంటే హ్యాండ్-హెల్డ్ డైనమోమీటర్, మోచేతికీ మోకాలికీ బాగుంటుంది. నడుము దగ్గరికొచ్చేసరికి రెండు చిక్కులు. ఒకటి, పట్టుకున్న మనిషి మీ వీపు బలానికి ఆగాలి. బలమైన మనిషి వీపుతో నెడితే పట్టుకున్నవాళ్ళ చేతులే వెనక్కి పోతాయి, అప్పుడు కొలిచింది మీ వీపునా, వాళ్ళ చేతులనా? గోడకో కదలని చట్రానికో బిగిస్తే ఇది పోతుంది. రెండోది దూరం. ఈ పరికరం టార్క్ చూపించదు, తోపుడు బలం మాత్రమే చూపిస్తుంది. మీ వీపు 120 న్యూటన్-మీటర్ల టార్క్ ఇస్తోందనుకోండి, ప్యాడ్ ఇరుసుకి 40 సెంటీమీటర్ల దూరంలో ఆనితే 300 న్యూటన్లు చూపిస్తుంది. అదే ప్యాడ్‌ని నాలుగు సెంటీమీటర్లు కిందికి జరిపితే 333. నాలుగు సెంటీమీటర్లంటే రెండు వేళ్ళ వెడల్పు, దానికే పదకొండు శాతం బలం పెరిగిపోయింది! కొనుక్కుంటే కొనుక్కోండి గానీ దాంతోపాటు ఒక టేపు కూడా ఉండాలి, ప్యాడ్ ఎక్కడ పెట్టారో ప్రతిసారీ కొలిచి రాయాలి.

ప్రశ్న: నేను ప్లాంక్ (మోచేతులు, కాలి వేళ్ళ మీద ఒళ్ళు తిన్నగా నిలపడం) మూడు నిమిషాలు చేస్తాను. నా కోర్, అంటే నడుము చుట్టూ ఉండే కండరాలు, బలంగా ఉన్నట్టేగా?

జవాబు: మూడు నిమిషాలు ప్లాంక్ చేయగలరని మాత్రం తెలిసింది. అది ముందు కండరాల ఓర్పు, అందులోనూ సగం భుజాల ఓర్పు, మిగతా సగం మొండితనం. వీపు సంగతి, పక్కల సంగతి అది చెప్పదు. వాటికి సోరెన్‌సెన్, రెండు పక్కలా సైడ్ ప్లాంక్ విడివిడిగా చేసి రాసుకోండి. మీ మూడు నిమిషాల్నీ ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టిన నాలుగు నిమిషాలతో పోల్చకండి, వాళ్ళ తుంటి ఎంత పైకి లేచిందో మీకు కనపడలేదు.

ప్రశ్న: మా అమ్మకి మూడేళ్ళుగా నడుము నొప్పి. మీరు చెప్పిన 35 లెక్క ఆవిడకి కూడా వర్తిస్తుందా?

జవాబు: వర్తించదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద తేల్చిన లెక్క ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే. నొప్పి ఉన్న మనిషి నెట్టేటప్పుడు బలంతో పాటు నొప్పినీ, నొప్పి వస్తుందేమోనన్న భయాన్నీ కలిపి కొలుస్తాం. ఇవాళ నొప్పి తక్కువ కాబట్టి అంకె ఎక్కువ, రేపేమో, ముందు రాత్రి నిద్ర లేదు కాబట్టి తక్కువ. ఊగిసలాట పెరుగుతుంది, కాబట్టి నమ్మడానికి కావాల్సిన తేడా కూడా పెరుగుతుంది. అమ్మగారి అంకె తక్కువ వస్తే కండరం నీరసించిందనీ చెప్పలేం, ఆవిడ కావాలని తక్కువ నెట్టారనీ అనకూడదు, దయచేసి ఆ మాట ఇంట్లో ఎవరి చేతా అననివ్వకండి. ఆవిడ విషయంలో మెషిన్ అంకెకన్నా ఎంతసేపు నిలబడి పని చేసుకోగలుగుతున్నారు, కూర్చుని లేవడానికి ఎంత ఇబ్బంది పడుతున్నారు అన్నది నాలుగు వారాలు రాసిపెట్టి డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: నడుము బలం కొలిచిన మర్నాటి నుంచి వీపంతా పట్టేసింది, మూడో రోజుకి కాస్త నయం. కొలిచినవాళ్ళు ఏదైనా తప్పు చేశారా? మళ్ళీ ఎప్పుడు కొలిపించుకోవచ్చు?

జవాబు: అలవాటు లేని పని గట్టిగా చేస్తే కండరాలు మర్నాడు, ఎల్లుండి పట్టేయడం మామూలే, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. మెషిన్ వెనక్కి లాగుతుంటే మీరు ఆపుతూ చేసే రకం పరీక్ష అయితే ఇంకా ఎక్కువ పట్టేస్తుంది. ఆ రోజుల్లో మళ్ళీ కొలిస్తే బలం తగ్గినట్టు చూపిస్తుంది, అది తప్పుడు లెక్క. వారం ఆగండి, అదే టైముకి వెళ్ళండి, కొలిచేవాళ్ళూ వాళ్ళే ఉంటే మరీ మంచిది. వీలైతే ప్రతి విడతలోనూ ఒకరోజు కాకుండా రెండు వేర్వేరు రోజులు కొలిపించి సగటు తీసుకోండి, మొదటి జవాబులో చెప్పిన 35 అప్పుడు ఇంచుమించు 25కి దిగుతుంది. వారం దాటినా పట్టు వదలకపోయినా, నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి ఎక్కినా కొలతల సంగతి పక్కనబెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.